కిట్ లెన్స్ తర్వాత ఏం కొనాలి? బెల్లంపల్లి పెళ్లిళ్లలో, బతుకమ్మలో, గుస్సాడీలో వాడి చెప్తున్న లెన్స్, ఫ్లాష్ గైడ్

ఎంట్రీ లెవల్ డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్లందరికీ మూడు నెలలు తిరగకముందే ఒకటే డౌట్ వస్తుంది. పగటిపూట తీసిన ఫొటోలు చూసి "ఫోన్ ఎక్కడ, కెమెరా ఎక్కడ" అని మురిసిపోతాం. పొద్దుగూకినంక ఒక ఫంక్షన్ హాల్లోకి అడుగుపెడితే మాత్రం సీన్ మారిపోతుంది. ఒక ఫొటో ఊగిపోతుంది. ఇంకోటి గింజలు గింజలుగా వస్తుంది. కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ ఎత్తితే పెళ్లికూతురి మొహం సున్నం కొట్టినట్టు, వెనక గోడ మీద బొగ్గులాంటి నీడ. పక్కన నిలబడ్డ పిల్లగాని ఫోన్‌లో అదే ఫొటో బాగానే ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట: లెన్స్ కొనాలా, ఫ్లాష్ కొనాలా, రెండూ కొనాలా?

మా బెల్లంపల్లిలో ఇది సరదా ప్రశ్న కాదు. ఇక్కడ చాలా గనులు మూతపడ్డాయి. బాపు సింగరేణిలో చేశాడు కాబట్టి కొడుక్కీ అందులోనే పని దొరుకుతుందన్న ధీమా ఈ తరానికి లేదు. కెమెరా పట్టుకుని నాలుగు పైసలు సంపాదిద్దాం అనుకునే పిల్లలు ప్రతి బస్తీలో ఒకరిద్దరు ఉన్నారు. మా చిన్నబాపు కొడుకు అందులో ఒకడు. చేతిలో కెనాన్ 1500డీ, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్. జమ చేసుకున్న డబ్బు 15,000 రూపాయలు. నెల రోజుల్లో మొదటి ఆర్డర్, వాళ్ల లైన్‌లోనే ఒక పెళ్లి. తప్పు వస్తువు కొంటే మళ్లీ అంత డబ్బు జమ కావడానికి ఏడాది పడుతుంది. పుస్తె కట్టే ఫొటో పోతే, దాన్ని ఎంత డబ్బు పెట్టినా మళ్లీ తీయలేం.

"అన్నా, యూట్యూబ్‌ల అందరు 50 ఎంఎం కొనుమంటున్నరు. కొనాల్నా?" అని అడిగాడు.

"ముందు పెళ్లి జరిగే ఇల్లు కొలుచుకొని రా, తర్వాత చెప్త" అన్నాను. ఎందుకలా అన్నానో కింద లెక్కతో సహా చెప్తాను. ఈ గైడ్ కోసం కిట్ లెన్స్‌తో పాటు 50 ఎంఎం, 24 ఎంఎం, 55-250 లెన్సులు, రెండు మూడు రకాల ఫ్లాష్‌లు మా చుట్టుపక్కల నిజమైన సందర్భాల్లో వాడి చూశాను. మీ ఊరు ఏదైనా లెక్క ఇదే.

కిట్ లెన్స్ చెడ్డది కాదు, దాని కన్ను చిన్నది

18-55 కిట్ లెన్స్‌ను చాలామంది తిడతారు. పగటి వెలుతురులో ఎఫ్/8 దగ్గర పెట్టి తీస్తే అది ఇచ్చే షార్ప్‌నెస్‌కి వంక పెట్టలేం. సమస్య అపర్చర్. 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, 55 దగ్గరికి జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌తో పోల్చండి. అపర్చర్ నంబర్ల నిష్పత్తిని వర్గం చేస్తే వెలుతురు తేడా తెలుస్తుంది. 5.6ను 1.8తో భాగిస్తే 3.1, దాని వర్గం దాదాపు 10. అంటే 50 ఎంఎం లెన్స్ పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటుంది. కిట్ లెన్స్‌తో సెకనులో 10వ వంతు షట్టర్ కావాల్సిన చోట దీనితో 100వ వంతు సరిపోతుంది. మొదటిదానిలో నడిచే మనిషి మసక, రెండోదానిలో ఆగిన మనిషి.

కిట్ లెన్స్‌లో ఐఎస్ ఉంది కదా అంటారు. ఐఎస్ మీ చేతి వణుకును ఆపుతుంది. తలంబ్రాలు పోసే చేతిని ఆపదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

మరి ఫోన్ చీకట్లో ఎలా బాగా తీస్తుంది? అది వరసగా చాలా ఫొటోలు తీసి కలిపేస్తుంది. మనుషులు కదలకుండా ఉంటే అద్భుతంగా పనిచేస్తుంది. కదిలితే చేతులకు, చీర అంచులకు పెయింట్ పూసినట్టు అవుతుంది. పెద్ద ప్రింట్ తీసి ఆల్బమ్‌లో పెట్టినప్పుడు ఆ తేడా దాచలేం.

టేపు తీసుకుని గది కొలవండి

50 ఎంఎం లెన్స్ చవక, షార్ప్, అందమైన బ్లర్ ఇస్తుంది. అన్నీ నిజమే. కానీ ఎంట్రీ లెవల్ కెనాన్ కెమెరాల సెన్సర్ చిన్నది, 1.6 క్రాప్. ఆ బాడీ మీద 50 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్‌లో 80 ఎంఎం లాగా కనిపిస్తుంది. అంటే ఇది పోర్ట్రెయిట్ లెన్స్, ఇంట్లో అందరినీ తీసే లెన్స్ కాదు.

లెక్క వేద్దాం. ఈ సెన్సర్ పొడవు సుమారు 22.3 ఎంఎం. అయిదడుగుల ఏడంగుళాల మనిషి, అంటే 1.7 మీటర్లు, నిలువు ఫ్రేమ్‌లో తల నుంచి పాదం వరకు పట్టాలంటే 50 ఎంఎంతో మీరు 3.8 మీటర్లు వెనక్కి వెళ్లాలి. పైనా కిందా కొంచెం ఖాళీ కావాలంటే నాలుగు మీటర్లు దాటుతుంది. పదడుగుల గది అంటే 3 మీటర్లు. గోడకు వీపు ఆనించినా పెళ్లికూతురి పాదాల పారాణి ఫ్రేమ్‌లోకి రాదు.

అడ్డం ఫొటో అయితే? మూడు మీటర్ల దూరం నుంచి 50 ఎంఎంతో కనిపించే వెడల్పు 1.3 మీటర్లే. ఇద్దరు మనుషులు పడతారు, మూడో మనిషి భుజం కట్ అవుతుంది. అదే దూరంలో 24 ఎంఎంతో 2.8 మీటర్లు, కిట్ లెన్స్ 18 దగ్గర పెడితే 3.7 మీటర్లు కనిపిస్తాయి.

మా తమ్ముడు కొలిచి వచ్చాడు. పాత క్వార్టర్, ముందు గది పదడుగులు, వాకిట్లో పందిరి. అప్పగింతలు ఆ గదిలోనే. "50 కొంటె ఆ రూంల ఏం తీయరాదన్నా" అని వాడే అన్నాడు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మీరు తీసేది ఎక్కువగా ఇళ్లలో అయితే, కెనాన్‌లో చూడాల్సిన చిన్న లెన్స్ ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం. 2014లో వచ్చింది. బరువు 125 గ్రాములు, మందం 23 ఎంఎం కూడా ఉండదు, అరిసె అంత. ఎఫ్/2.8 కాబట్టి కిట్ లెన్స్ జూమ్ చివర కంటే నాలుగు రెట్లు వెలుతురు. క్రాప్ బాడీ మీద 38 ఎంఎం లాగా కనిపిస్తుంది, అంటే మన కంటి చూపుకు దగ్గరగా. సెకండ్ హ్యాండ్‌లో కూడా వెతకండి.

ఇంటి లోపల: లెన్స్ కంటే ముందు ఫ్లాష్

ఇప్పుడు అసలు మాట. పెళ్లి, పుట్టినరోజు, బారసాల లాంటి ఇండోర్ ఆర్డర్లు తీసేవాళ్లు 15 వేలలో ముందు కొనాల్సింది లెన్స్ కాదు, తల తిరిగే బయటి ఫ్లాష్. ఎందుకంటే 50 ఎంఎంతో ఎఫ్/1.8 దగ్గర రెండు మీటర్ల నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు 11 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం. పెళ్లికొడుకు కళ్లు షార్ప్‌గా ఉంటే, ఒక అడుగు వెనకున్న పెళ్లికూతురు మసకబారుతుంది. జంటను, కుటుంబాన్ని తీయాలంటే ఎఫ్/5.6 కావాల్సిందే. ఎఫ్/5.6కి వెళ్తే మళ్లీ వెలుతురు చాలదు. ఆ వెలుతురు మనమే తేవాలి.

కెమెరాలో ఉన్న పాప్ అప్ ఫ్లాష్ ఎందుకు చాలదు? 1500డీ ఫ్లాష్ గైడ్ నంబర్ సుమారు 9.2. గైడ్ నంబర్‌ను అపర్చర్‌తో భాగిస్తే ఐఎస్ఓ 100 దగ్గర ఎంత దూరం వెలుగు పడుతుందో మీటర్లలో తెలుస్తుంది. 9.2ను 5.6తో భాగిస్తే 1.6 మీటర్లు. ఐఎస్ఓ 800 పెడితే 4.6 మీటర్లు. దూరం చాలినా, ఆ వెలుగు లెన్స్ పక్కనుంచి సూటిగా మొహానికి కొడుతుంది. నూనె మెరుపు, గోడ మీద నీడ, చదునైన ముక్కు, అన్నీ దాని పుణ్యమే.

బయటి ఫ్లాష్ అసలు బలం దాని పవర్‌లో కంటే దాని మెడలో ఉంది. తలను పైకి తిప్పి తెల్లటి స్లాబ్‌కు కొడితే పైకప్పు మొత్తం ఒక పెద్ద లైట్ అవుతుంది. మొహం మీద వెలుగు మెత్తగా పడుతుంది, నీడ గోడ మీద కాకుండా కిందికి జారిపోతుంది. సున్నం వేసిన పాత క్వార్టర్ల స్లాబ్ దీనికి భలే పనికొస్తుంది. నేను మొదలుపెట్టే సెట్టింగ్: మాన్యువల్ మోడ్, ఎఫ్/5.6, షట్టర్ 100వ వంతు, ఐఎస్ఓ 800, ఫ్లాష్ పవర్ నాలుగో వంతు. ఒక ఫొటో చూసి పవర్ పెంచుకోవడం, తగ్గించుకోవడం. షట్టర్ 100వ వంతు ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అంతకంటే వేగంగా పెడితే ఒక ఫొటో పచ్చగా, ఇంకో ఫొటో డల్‌గా రావచ్చు.

మూడు జాగ్రత్తలు.

ఒకటి, షామియానా. ఎర్ర, పసుపు బట్టకు ఫ్లాష్ కొడితే ఆ రంగే మొహాల మీద పడుతుంది. ఫొటోషాప్‌లో కూడా సరిగ్గా సరిచేయలేం. షామియానా కింద, ఎత్తైన ఫంక్షన్ హాళ్లలో పైకి కొట్టకండి. ఫ్లాష్ తలకు వెనక అరచేయంత తెల్ల అట్టముక్క రబ్బరు బ్యాండ్‌తో కట్టి, కొంత వెలుగు ముందుకు పంపండి. లేదా పక్కన తెల్ల గోడ ఉంటే దానివైపు తిప్పండి.

రెండు, దూరం. వెలుగు దూరంతో పాటు మెల్లగా కాదు, వర్గంలో పడిపోతుంది. రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్లకు వెళ్తే నాలుగో వంతే మిగులుతుంది. ముందు వరసలో చిన్నమ్మ తెల్లగా, వెనక వరసలో తాత చీకట్లో ఉండటానికి కారణం ఇదే. గ్రూప్ ఫొటోకు వీలైనంత వెనక్కి వెళ్లండి, వరసల మధ్య దూరం తగ్గించండి.

మూడు, షట్టర్ స్పీడ్. 1500డీ ఫ్లాష్ సింక్ 200వ వంతు. మామూలు మాన్యువల్ ఫ్లాష్‌తో అంతకంటే వేగంగా పెడితే ఫొటోలో ఒకవైపు నల్లటి పట్టీ వస్తుంది. కెమెరా పాడైందని కంగారు పడకండి.

సెల్స్ సంగతి కూడా ఇక్కడే. ఎక్కువ ఫ్లాష్‌లకు నాలుగు ఏఏ సెల్స్ కావాలి. కిరాణా షాపులో దొరికే మామూలు సెల్స్ వేస్తే కాసేపటికే ఫ్లాష్ రెడీ కావడానికి పది సెకన్లు తీసుకుంటుంది, సరిగ్గా పుస్తె కట్టేటప్పుడు. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ రెండు సెట్లు, మంచి చార్జర్ తీసుకోండి. ఇది ఫ్లాష్ ఖర్చులో భాగమే అనుకోండి.

కొనేముందు ఒక్క పిన్ చూసుకోండి

ఇది చదవకుండా కెనాన్ వాళ్లు ఫ్లాష్ ఆర్డర్ పెట్టొద్దు.

గోడాక్స్ టీటీ600, యోంగ్‌నువో వైఎన్560 4 లాంటి మాన్యువల్ ఫ్లాష్‌లు బడ్జెట్‌లో బెస్ట్ అని అందరూ చెప్తారు. మాట నిజమే, పవర్ బాగుంటుంది, ధర తక్కువ. కానీ అవి కెమెరా నెత్తిమీదున్న హాట్‌షూలో మధ్యనున్న పెద్ద పిన్ ద్వారా పేలుతాయి. కెనాన్ ఈ మధ్యకాలపు చవక బాడీల్లో, 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2 లాంటివాటిలో, ఆ మధ్య పిన్‌ను తీసేసింది. పిన్ లేని బాడీ మీద టీటీ600 పెడితే అది అలంకారానికే. చవక వైర్‌లెస్ ట్రిగ్గర్లదీ అదే కథ.

మీ కెమెరా హాట్‌షూను ఇప్పుడే చూడండి. మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉంటే ఏ మాన్యువల్ ఫ్లాష్ అయినా పర్వాలేదు. కేవలం వెనకవైపు నాలుగు చిన్న చుక్కలు మాత్రమే ఉంటే మీకు మూడు దారులు:

మొదటిది, కెనాన్ సొంత స్పీడ్‌లైట్ ఈఎక్స్ సిరీస్. కొత్తది ఖరీదు, సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు దొరుకుతుంది.

రెండోది, వేరే కంపెనీలు కెనాన్ కోసం చేసిన టీటీఎల్ మోడల్స్. అన్నీ పనిచేయవు. మీ బాడీ మోడల్ పేరు చెప్పి అడగండి, మీ కెమెరా మీదే పెట్టి పేల్చి చూసి డబ్బు ఇవ్వండి.

మూడోది ఒక ఉపాయం. టీటీ600లో, వైఎన్560లో ఎస్1, ఎస్2 అనే ఆప్టికల్ స్లేవ్ మోడ్స్ ఉంటాయి. ఫ్లాష్‌ను పక్కన ఒక స్టాండ్ మీద పెట్టి ఎస్2లో ఉంచండి. కెమెరా పాప్ అప్ ఫ్లాష్ మెరిసినప్పుడు దాన్ని చూసి ఇది కూడా మెరుస్తుంది. పాప్ అప్ ముందుగా ఇచ్చే కొలత మెరుపును ఎస్2 వదిలేస్తుంది. కెమెరా మెనూలో ఫ్లాష్ ఎక్స్‌పోజర్ తగ్గిస్తే పాప్ అప్ మొహాన్ని పాడుచేయదు. ఇంట్లో పోర్ట్రెయిట్లకు, ప్రొడక్ట్ ఫొటోలకు ఇది చాలు. పెళ్లిలో మాత్రం కష్టం: ఇంకో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ మీది కూడా పేలుతుంది.

మా తమ్ముడి 1500డీలో పిన్ లేదు. ఇద్దరం పొద్దున్నే భాగ్యనగర్ ఎక్కి హైదరాబాద్ పోయి, కోఠిలో నాలుగు షాపులు తిరిగాం. ఒక షాపులో "అన్ని కెమెరాలకూ వస్తది" అని పెట్టిన ఫ్లాష్ ఒక్కసారి కూడా పేలలేదు. చివరికి సెకండ్ హ్యాండ్ కెనాన్ స్పీడ్‌లైట్ 430ఈఎక్స్ 2 ఒకటి, బాడీ మీద పెట్టి వరసగా పదిసార్లు పేల్చి చూశాక తీసుకున్నాం. సెల్స్, చార్జర్ కలిపి 11 వేలు. మిగిలిన 4 వేలలో ఒక మెమరీ కార్డు, రెండో బ్యాటరీ. లెన్స్ కొనలేదు.

పెళ్లిలో వాడు తీసినవి కిట్ లెన్స్ 18 నుంచి 35 మధ్య, ఫ్లాష్ పైకి తిప్పి. పదడుగుల గదిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు, వాళ్ల బాపు, నాయనమ్మ, ముగ్గురి మొహాలూ ఒకే ఫ్రేమ్‌లో స్పష్టంగా వచ్చాయి. నాయనమ్మ తన కొంగుతో కొడుకు కళ్లు తుడుస్తున్న ఫొటో అది. వాళ్లింట్లో దాన్నే పెద్దగా ఫ్రేమ్ కట్టించారు. ఆర్డర్ డబ్బు పూర్తిగా వచ్చింది, అదే లైన్‌లో ఇంకో ఆర్డర్ కూడా.

స్టూడియో మూసేసిన వాళ్ల దగ్గర పాత ఫిల్మ్ కాలపు ఫ్లాష్‌లు వందల్లో దొరుకుతాయి. ఆశపడకండి. వాటిలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజ్ చాలా ఎక్కువ, డిజిటల్ బాడీ సర్క్యూట్‌ను కాల్చేయగలదు.

బతుకమ్మ: ఇక్కడ ఫ్లాష్ ఆపండి, 50 ఎంఎం తీయండి

ఫ్లాష్ అన్నిచోట్లా పనికిరాదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు సాయంత్రం వెలుగుకే ఒక అందం ఉంటుంది. పొద్దుగూకే నీలం ఆకాశం, గుడి ముందు బల్బుల పసుపు, తంగేడు పూల రంగు. ఫ్లాష్ కొడితే ఆ మూడూ పోయి, ముందున్న మనిషి మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం రాజు. 2015లో వచ్చిన ఈ లెన్స్ బరువు 160 గ్రాములు. మైదానంలో వెనక్కి వెళ్లడానికి చోటు ఉంటుంది కాబట్టి గది సమస్య లేదు. నా సెట్టింగ్: ఎఫ్/2.2, షట్టర్ 200వ వంతు, ఐఎస్ఓ 1600. చీకటి పడ్డాక 3200. ఈ సెన్సర్‌లో 6400 దాకా ఉంది కానీ గింజలు బాగా కనిపిస్తాయి, దిక్కులేనప్పుడే వాడండి.

ఒక టిప్. 1500డీలో తొమ్మిది ఫోకస్ పాయింట్లు ఉన్నాయి, క్రాస్ టైప్ మధ్యది ఒక్కటే. చీకట్లో మిగతావి తడబడతాయి. మధ్య పాయింట్ ఒక్కటే సెలెక్ట్ చేసి, కంటి మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత ఫ్రేమ్ సరిచేసుకోండి. ఎఫ్/1.8లో అలా ఫ్రేమ్ జరిపితే ఫోకస్ తప్పే అవకాశం ఉంది, అందుకే ఎఫ్/2.2 అన్నాను. మొత్తం వలయం కావాలంటే 24 ఎంఎం లేదా కిట్ లెన్స్ 18 దగ్గర, ఏదైనా అరుగు ఎక్కి తీయండి.

గుస్సాడీ, కవ్వాల్: దూరం నుంచి

దీపావళికి ముందు గోండు గూడేల్లో దండారీ మొదలవుతుంది. ఒంటికి బూడిద, తలమీద నెమలి ఈకల టోపీతో గుస్సాడీ ఆడతారు. ఈ నృత్యానికి మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే మార్లవాయిలో 1940లలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఉన్నాడు, గోండుల జీవితాన్ని విస్తారంగా ఫొటోలు తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆయన ఊళ్లో ఉండి, జనంతో కలిసి, తర్వాత తీశాడు. మనం బైక్ దిగగానే మొహం ముందు ఫ్లాష్ కొడతాం. గుస్సాడీ వేషం కట్టినవాళ్లను అక్కడివాళ్లు దైవంతో సమానంగా చూస్తారు. ముందు ఊరి పటేల్‌ను కలిసి అడగండి, ఫ్లాష్ బ్యాగులోనే ఉంచండి.

ఇక్కడ పనికొచ్చేది ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. దూరంగా నిలబడి, ఎవరికీ అడ్డం రాకుండా క్లోజప్‌లు తీయొచ్చు. పగలు 500వ వంతు షట్టర్ పెడితే ఎగిరే ఈకలు కూడా ఆగిపోతాయి. సాయంత్రమైతే మాత్రం ఈ లెన్స్ చేతులెత్తేస్తుంది, 250 దగ్గర ఇదీ ఎఫ్/5.6యే.

2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ మాకు దగ్గర. జన్నారం వైపు పక్షుల కోసం వెళ్లేవాళ్లు 55-250తో మొదలుపెట్టొచ్చు కానీ ఆశలు అదుపులో పెట్టుకోండి. 250 ఎంఎంతో 20 మీటర్ల దూరంలో కనిపించే వెడల్పు 1.8 మీటర్లు. నెమలి అయితే ఫ్రేమ్ నిండుతుంది. పిచ్చుకంత పిట్ట అయితే ఫ్రేమ్‌లో పన్నెండో వంతు ఉంటుంది. ఓపికతో దగ్గరికి రానివ్వడం తప్ప ఈ బడ్జెట్‌లో వేరే మందు లేదు.

బొగ్గు ఊరి జాగ్రత్తలు

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, బాడీ నోరు కిందికి పట్టుకుని మార్చండి. రోడ్డు మీద బొగ్గు లారీలు తిరిగే చోట, ఓపెన్‌కాస్ట్ దగ్గర అసలు మార్చొద్దు. సెన్సర్ మీద పడ్డ దుమ్ము ప్రతి ఫొటోలో ఆకాశం మీద మచ్చగా కనిపిస్తుంది. బ్లోయర్‌తో ఊదండి, నోటితో కాదు. వానాకాలంలో లెన్సులను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి, లేకపోతే ఫంగస్ పడుతుంది.

ఇంకోటి సీరియస్‌గా. రీల్స్ కోసం గని లోపలికి కెమెరా, ఫ్లాష్ తీసుకెళ్లే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. భూగర్భ బొగ్గు గనుల్లో మీథేన్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే అనుమతి లేని ఎలక్ట్రిక్ పరికరాలు లోపలికి నిషేధం. షిఫ్టు దిగి వచ్చే కార్మికుల ఫొటోలు పైన, వాళ్లను అడిగి తీసుకోవచ్చు.

నికాన్ వాళ్లకు విడిగా

డీ3500, డీ3400, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు. 50 ఎంఎం ఎఫ్/1.8డీ చవకగా దొరుకుతుంది కానీ మీ బాడీ మీద ఆటోఫోకస్ పనిచేయదు. పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ ఉన్నవే తీసుకోండి. డీ3200 లాంటి పాత బాడీలైతే ఏఎఫ్-పీ కూడా ఆటోఫోకస్ చేయదు, ఏఎఫ్-ఎస్ ఒక్కటే దిక్కు.

నా ఓటు ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీకి. నికాన్ 1.5 క్రాప్ మీద 52 ఎంఎం లాగా కనిపిస్తుంది. పైన వేసిన లెక్కే వేస్తే నిలువెత్తు మనిషికి రెండున్నర మీటర్లు చాలు, పదడుగుల గదిలో పట్టేస్తుంది. మధ్య పిన్ ఈ బాడీల్లో ఉంటుంది కాబట్టి టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్‌లు హాయిగా వాడుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి

ఫోన్ టార్చ్ లెన్స్ లోపలికి కొట్టి సాలెగూడు లాంటి ఫంగస్ ఉందా చూడండి. ఉంటే ఎంత చవకైనా వద్దు. మీ బాడీకి పెట్టి దగ్గరి వస్తువుకు, దూరపు వస్తువుకు పదిసార్లు ఫోకస్ చేయించండి. పెద్ద అపర్చర్‌లో ఒక న్యూస్ పేపర్ ఫొటో తీసి, నాలుగు మూలల అక్షరాలు జూమ్ చేసి చూడండి. ఫ్లాష్ అయితే ఫుల్ పవర్‌లో పదిసార్లు పేల్చండి, తల అన్నివైపులా తిరుగుతోందా, సెల్స్ గదిలో తుప్పు ఉందా చూడండి.

డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయింది కదా, ఇప్పుడు లెన్స్ కొనడం దండగ అనుకోవద్దు. ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కెనాన్ మిర్రర్‌లెస్ బాడీల మీద కూడా పనిచేస్తాయి. అందరూ మిర్రర్‌లెస్‌కు వెళ్తుండటం వల్లే సెకండ్ హ్యాండ్ లెన్సులు మన చేతికి అందే ధరకు వస్తున్నాయి.

ఫైనల్‌గా ఎవరు ఏం కొనాలి

పెళ్లిళ్లు, ఇంటి ఫంక్షన్లు తీసి సంపాదించాలనుకునేవాళ్లు: ముందు తల తిరిగే ఫ్లాష్, రెండు సెట్ల సెల్స్. ఆ తర్వాత 24 ఎంఎం. మూడోది 50 ఎంఎం. నికాన్ అయితే ఫ్లాష్, తర్వాత 35 ఎంఎం.

పండుగలు, స్ట్రీట్, ఫ్రెండ్స్ పోర్ట్రెయిట్లు తీసేవాళ్లు: నేరుగా 50 ఎంఎం ఎఫ్/1.8. ఫ్లాష్ ఇప్పుడే అవసరం లేదు.

జాతరలు, పక్షులు, ఆటల పోటీలు: 55-250, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. పగటి వెలుగుకే అని గుర్తుంచుకోండి.

ఇంకా ఏ గుంపులో ఉన్నామో తెలియనివాళ్లు: ఏమీ కొనకండి, ఒక గంట కూర్చోండి. ఇప్పటిదాకా కిట్ లెన్స్‌తో తీసినవాటిలో మీకు నచ్చిన 50 ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫోకల్ లెంగ్త్ రాసుకోండి. ఎక్కువ 18-24 మధ్య ఉంటే మీకు వైడ్ కావాలి. 50-55 దగ్గర ఉంటే 50 ఎంఎం మీకోసమే. 55 దగ్గర తీసి కూడా క్రాప్ చేస్తుంటే టెలీ. పక్కనే ఐఎస్ఓ కూడా చూడండి, ఇంటి లోపల తీసినవి అన్నీ 3200 దాటితే మీకు కావాల్సింది లెన్స్ కాదు, ఫ్లాష్. రివ్యూలు రాసే నాకంటే మీ మెమరీ కార్డుకే మీ సంగతి బాగా తెలుసు.